కుళ్ళని ప్యాకెట్లు

మార్చి 3, సోమవారం

మా అమ్మాయి మిరియం మైదానంలో కళ్ళు తిరిగి పడిపోయి ఇవాళ్టికి నాలుగో రోజు. ఇప్పుడు బాగానే ఉంది. బాగానే ఉందని అదే అంటోంది. మొహం మాత్రం ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది.

దాని తల్లి నిన్న పొద్దున బయల్దేరి వెళ్ళింది. చెల్లెలి కడుపులో కవలలు, మంచం దిగకూడదన్నారట, తోడు ఎవరో ఒకరు ఉండాలి. రెండు నెలలు. గుమ్మం దాటుతూ కూడా ఆగిపోబోయింది. కూతురే భుజాలు పట్టుకుని తోసింది. "పిన్నికి నువ్వు కావాలమ్మా. నాకు నాన్న ఉన్నాడుగా." అప్పుడు ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. ఇరవై మూడేళ్ళ కాపురంలో టీ తప్ప మరేదీ కాచని మనిషిని చూసే చూపు.

"అది ఏం తింటోందో రోజూ రాసిపెట్టండి," అంది. ఆ రాత ఇంట్లో ఫ్రిజ్ మీది కాగితం మీద. ఇది వేరే. ఇది షాపులో, కళ్ళద్దాలు అరగదీసే నా గదిలో, సొరుగులో ఉంటుంది. మధ్యాహ్నం డబ్బా తిన్నాక పావుగంటసేపు ఇటు ఎవరూ రారు. పాత ఆర్డర్ల పుస్తకం, సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి. పారేస్తే మా ఇంట్లో ఊరుకోరు.

మార్చి 4, మంగళవారం

ఎనిమిది నెలల క్రితం ఒక ఆదివారం మిరియం నిద్ర లేచి, ఇకమీదట జంతువుల నుంచి వచ్చేదేదీ తిననంది. మాంసం, గుడ్లు, పాలు, వెన్న, ఆఖరికి తేనె కూడా. మేం నవ్వాం. అది నవ్వలేదు. చిన్నప్పటి నుంచీ అంతే, చూస్తే గింజంత, కొరికితే మంట. ఆ పేరు ఊరికే పెట్టలేదు.

మానాల్సినవన్నీ ఒక్కరోజులో మానేసింది. వాటి బదులు తినాల్సినవి మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. పొద్దున్నే ఫైర్ సర్వీసు పరీక్ష కోసం పరుగు, తర్వాత కోచింగు, మధ్యమధ్యలో బ్రెడ్డు, బిస్కెట్లు, చిప్స్, పాలు లేని టీ.

మొన్న శనివారం డాక్టరమ్మ రిపోర్టు చూసి చాలాసేపు మాట్లాడింది. ఒంట్లో రక్తం తక్కువ, బి12 అడుగంటింది, వారానికో ఇంజెక్షను. ఇంకా ఏవేవో చెప్పి కాగితం మీద రాసిచ్చింది. నా బుర్రకెక్కింది ఒక్కటే, పిల్లకి బలం లేదు. ఏప్రిల్ పందొమ్మిదిన పరుగు. పదహారు వందల మీటర్లు, ఎనిమిది నిమిషాలు.

మార్చి 6

ఎర్ర చిక్కుడు గింజలు గంటన్నర ఉడికించాను. పళ్ళకీ గింజలకీ పోటీ. గింజలు గెలిచాయి.

"ముందురోజే నానబెట్టాలి నాన్నా," అంది మిరియం, జాలిగా. ముందే చెప్పొచ్చుగా!

దాని రాత్రి భోజనం: బ్రెడ్డు, నాలుగు బిస్కెట్లు. ఫ్రిజ్ మీద అదే రాశాను.

మార్చి 10, సోమవారం

నిన్న ఆదివారం తూకం. ఇది రాయాలి, ఎందుకంటే నాకిది సరదాగానే ఉంటుంది, పైకి చెప్పను.

మా ఇంట్లో మూడు బుట్టలు. తడిది బాల్కనీలో ఎరువు తొట్టిలోకి పోతుంది. కాగితం, సీసా, డబ్బా లాంటివి పాతసామాన్ల అతనికి. మూడోదానిలో మాత్రం దేనికీ పనికిరానివి, జిగురు కవర్లు, వెండిరంగు ప్యాకెట్లు. ఆ మూడో బుట్టని ప్రతి ఆదివారం మిరియం చేతి త్రాసుకి తగిలించి, కళ్ళు చిట్లించి చదివి, ఫ్రిజ్ మీద రాస్తుంది. మొదట్లో వారానికి రెండు కిలోలు ఉండేది. నిన్న ఆరువందల పది గ్రాములు. పక్కింటివాళ్ళు చెత్త బండి దగ్గరికి సంచీలు మోసుకుంటూ వస్తే, మా అమ్మాయి బొటనవేలికి తగిలించుకుని వస్తుంది.

కానీ ఆ మెట్లు దిగి ఎక్కేసరికి ఆయాసపడింది. గోడ పట్టుకుని నిలబడింది. నేను చూడలేదనుకుంది.

మార్చి 11

షాపులో టీ కోసం చిన్నచిన్న పాలపొడి ప్యాకెట్లు ఉంటాయి. కౌంటరు చూసుకునే ఆవిడ, మా కౌంటరమ్మ, నాకు టీ కలిపిస్తుంటే చూస్తూ కూర్చున్నాను. అరచేతిలో పట్టే ప్యాకెట్టు. తెల్లటి బలం.

నేను పాలు తాగి పెరిగినవాణ్ణే. ఈ చేతులు ఇరవై ఆరేళ్ళుగా అద్దం మీద వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. పాలకేం తక్కువ?

ఒక ప్యాకెట్టు జేబులో వేసుకున్నాను. రేపటి నుంచి పొద్దున దానికి ఓట్స్ జావ నేనే కాస్తానని చెప్పాను.

ఇది మోసం కాదు. మందులాంటిది.

మార్చి 12

ఒక ప్యాకెట్టు.

మార్చి 13

ఒక ప్యాకెట్టు. "జావ బాగుంది నాన్నా," అంది. గిన్నె నాకేసింది.

మార్చి 14

మొహంలో కళ వచ్చినట్టే ఉంది. ఇంజెక్షన్ల వల్ల అంటుంది. అనుకోనీ.

మార్చి 17, సోమవారం

మూడో బుట్ట ఐదువందల ఎనభై. మిరియం త్రాసు పట్టుకుని ఉంటే నేను పక్కనే నిలబడ్డాను, చొక్కా జేబులో ఖాళీ ప్యాకెట్టుతో. ఇంట్లో ఒక్క చెత్త కాగితం దాచడానికి చోటు లేదు! తడిబుట్టలో వేస్తే దొరుకుతుంది, పొడిబుట్టలో వేస్తే దొరుకుతుంది, మూడోదాన్నయితే ఏకంగా తూకమే వేస్తుంది. వీధిమూల తొట్టి ఎప్పుడో తీసేశారు, ఇంటింటికీ బండి వస్తోంది. అందుకే రోజూ జేబులో పెట్టుకుని షాపుకి మోసుకొచ్చి ఇక్కడి బుట్టలో వేస్తున్నాను. నిండువి ఇంటికి, ఖాళీవి మళ్ళీ షాపుకి.

మార్చి 19

కౌంటరమ్మ పట్టుకుంది.

"గురువుగారూ, మీ ఇంట్లో చెత్తబుట్ట లేదా? ఈ పాలపొడి కవర్లకి చీమలు బారులు కట్టాయి. వచ్చినావిడ కొత్త ఫ్రేము పెట్టుకుని మొట్టమొదట చూసింది చీమల్ని."

ఏదో గొణిగాను. ఇక ఇక్కడ వేయడానికి లేదు.

మార్చి 22, శనివారం

నాలుగు పోగయ్యాయి. ప్యాంటు జేబులో గరగరమంటున్నాయి. సాయంత్రం ఇంటికెళ్ళగానే ఎరువు తొట్టిలో లోపలికంటా నొక్కేస్తాను. సోమవారం తీసేయొచ్చు. ఎవరు చూడొచ్చారు?

మార్చి 24, సోమవారం

తొట్టిని ఆదివారం తిరగేస్తుందని నాకు తెలుసు. తెలిసి ఎలా మర్చిపోయానో తెలీదు.

నేను వంటింట్లో క్యారెట్లు తరుగుతున్నాను. తొక్కులు పారేయకుండా సూప్‌కి తీసిపెడుతున్నాను కూడా, మెచ్చుకుంటుందని. బాల్కనీలో పార చప్పుడు ఆగిపోయింది. తర్వాత వచ్చి నా పక్కన నిలబడింది. మట్టి చేతిలో నాలుగు వెండి ప్యాకెట్లు.

"ఇవి ఎప్పటికి కుళ్ళుతాయి నాన్నా?"

నేను కత్తి కింద పెట్టాను.

"జావలోనా?"

తలూపాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"బలం కోసం... నువ్వు గోడ పట్టుకుని నిలబడ్డావు, నేను చూశాను..."

"ఎన్నాళ్ళ నుంచి అంటున్నా."

"పన్నెండు రోజులు."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. ప్యాకెట్లని కుళాయి కింద కడిగింది, ఒక్కొక్కటీ విడదీసి, మడతలు సాపు చేసి మరీ. మూడో బుట్టలో వేసింది. చేతులు తుడుచుకుంటూ అంది, "రుచి మారిందని నాకు తెలిసింది నాన్నా. నీకు వంట వచ్చేసిందనుకున్నాను."

గదిలోకి వెళ్ళిపోయింది. సూప్ నేనొక్కణ్ణే తాగాను.

మార్చి 25

ఇంట్లో తినలేదు. ఫ్రిజ్ మీద రాయడానికి ఏమీ లేదు.

మార్చి 26

తినలేదు. బయట బ్రెడ్డు తిందట. పరుగు నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయింది. నీళ్ళిస్తే గ్లాసులోకి చూసి మరీ తాగింది. నీళ్ళు!

ఇవాళ ఒక ముసలాయన అద్దాలు తప్పు పవరుకి అరగదీశాను. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. మళ్ళీ చేయాలి.

మార్చి 27

మా ఆవిడ ఫోను చేసింది. మిరియం చెప్పలేదట. నేనే చెప్పాను.

"మీకు తెలీకుండా నేను మీ టీలో ఏదన్నా కలిపితే, ఆ తర్వాత నా చేతి టీ తాగుతారా?"

"దాని మంచికే కదే..."

"మంచికే అయితే చెప్పి చెయ్యొచ్చుగా. దాక్కుని ఎందుకు చేశారు?"

దీనికి జవాబు ఆలోచిస్తున్నాను. పొద్దున నుంచీ ఆలోచిస్తున్నాను.

మార్చి 28, శుక్రవారం

పని మధ్యలో పర్మిషన్ తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"నేను పాలు అని ఎక్కడన్నా అన్నానాండీ?"

"బలం అన్నారు..."

"ఆ కాగితం ఉందా?"

నా కళ్ళద్దాల పెట్టెలో మడిచి పెట్టుకున్నాను. ఇచ్చాను. ఆవిడ దాన్ని తిప్పి నా ముందు పెట్టింది. వెనక పేజీ నిండా రాసి ఉంది. ఐరన్ మాత్రలు. ఇంజెక్షన్లు అయ్యాక బి12 మాత్ర, ఎప్పటికీ. రోజూ పప్పులో, గింజలో రెండుపూటలా. ఆకుకూర, దాని మీద నిమ్మరసం. పిడికెడు వేరుశనగలు, చెంచాడు నువ్వులు. భోజనంతోపాటు టీ వద్దు. చక్కటి అక్షరాలు, ఏ అద్దాలూ అక్కర్లేకుండా చదవొచ్చు.

బతుకంతా జనానికి చదువుకునే అద్దాలు చేసి పెడుతున్నాను. కాగితం వెనక్కి తిప్పలేదు.

"మీ అమ్మాయి పాలు మానేసి పడిపోలేదు," అంది డాక్టరమ్మ. "బిస్కెట్లు తిని పరిగెత్తి పడిపోయింది. బి12 ఎనిమిది నెలల్లో ఇంత పడిపోదు, అంతకుముందు నుంచే తక్కువుండాలి. అదొక్కటీ మొక్కల్లో దొరకదు, మాత్ర వేసుకోవాల్సిందే. మిగతావన్నీ వంటింట్లో వండుకోవచ్చు. వండే మనిషి కావాలంతే."

ఐరన్ మాత్రలు కొనుక్కుని వచ్చాను. నాలుగు వారాలు ఆలస్యంగా.

మార్చి 29, శనివారం

పొద్దున్నే చెప్పేశాను. కాగితం వెనక చదవలేదని, మాత్రలు కొనలేదని, పాలపొడి దాక్కుని ఎందుకు కలిపానంటే అడిగితే వద్దంటావని తెలిసే అని. అది బూట్ల లేసులు కట్టుకుంటూ వింది.

"ఇంకేమన్నా ఉందా?"

"లేదమ్మా."

"సరే."

సరే అంటే క్షమించినట్టు కాదు. సరే అంటే విన్నట్టు. మాత్ర మాత్రం వేసుకుంది, డబ్బా మీద అక్షరం అక్షరం చదివి.

ఏప్రిల్ 1

నిన్నటి నుంచి కొత్త పద్ధతి. వంటింట్లో సరుకులన్నీ గాజు సీసాల్లోకి మార్చాను, లోపలున్నది కనపడేలా. సంచీ, సీసాలు పట్టుకెళ్ళి విడిగా కొలిచి ఇచ్చే కొట్లో తెచ్చుకుంటున్నాను. శనగలు, మూడు రకాల పప్పులు, నువ్వులు, వేరుశనగలు. ముందురోజు నానబెట్టే గిన్నె ఒకటి, మూత మీద "రేపు" అని రాసి పెట్టాను. నేనూ అదే తింటున్నాను. నా ఒక్కడికోసం వేరే పొయ్యి వెలిగించే ఓపిక లేదు. లేదు, అది అబద్ధం. దాని ఎదురుగా కూర్చుని వేరే తినాలనిపించలేదు.

కంచం ముందు కూర్చోగానే అడుగుతుంది. "ఏమేశావ్?"

చెబుతాను. శనగలు, టమాటా, పాలకూర, నిమ్మకాయ, ఉప్పు, నూనె.

"ఇంకా?"

"ఇంకేం లేదు."

అప్పుడు తింటుంది.

ఏప్రిల్ 2

ఏమేశావ్? చెప్పాను. తింది. రెండోసారి వడ్డించుకుంది!

ఏప్రిల్ 3, గురువారం

ఇంట్లోకి వచ్చే ప్రతిదాని మీదా రాసింది చదవాలని పట్టుబట్టాను. ఇవాళ దాని బిస్కెట్ల ప్యాకెట్టు షాపుకి తెచ్చాను. మూలన, మడత కింద, చీమ కాళ్ళంత అక్షరాలు. లెన్సు గీతలు చూసే భూతద్దం పెట్టి చదివాను.

పాల పదార్థాలు ఉన్నాయట అందులో.

రెండుసార్లు చదివాను. కౌంటరమ్మని పిలిచి చదివించాను. ఉన్నాయి. ఎనిమిది నెలల నుంచీ రోజుకి నాలుగో ఆరో అవే తింటోంది.

ఎంత సంబరపడ్డానో రాయడానికి సిగ్గుగా ఉంది. నా పన్నెండు ప్యాకెట్లు ఎక్కడ, దాని ఎనిమిది నెలలు ఎక్కడ!

ఏప్రిల్ 4

చెప్పలేదు. నిన్న సాయంత్రమంతా నాలుక చివర పెట్టుకుని కూర్చున్నాను. "ఏమేశావ్?" అని అడిగినప్పుడల్లా నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదది.

ఏప్రిల్ 5, శనివారం

చెప్పాను.

"మిరియం, ఒకటి చెప్పాలి. కోప్పడతావో ఏమో."

"మళ్ళీ ఏం కలిపావ్?"

"నేను కలపలేదు. వాళ్ళే కలిపారు."

ప్యాకెట్టూ భూతద్దమూ ఇచ్చాను. కిటికీ దగ్గరికి వెళ్ళి చదివింది. వీపే కనపడుతోంది నాకు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. ఇటు తిరిగింది. నవ్వుతోంది. నవ్వి నవ్వి కళ్ళమ్మట నీళ్ళు.

"ఎనిమిది నెలలు నాన్నా! మైదానంలో ఒక్కణ్ణీ వదల్లేదు, అందరికీ క్లాసులు పీకాను. ఈ బిస్కెట్టు చేత్తో పట్టుకుని మరీ పీకాను!"

నేనూ నవ్వాను. ఆపుకోలేకపోయాం ఇద్దరం. తర్వాత అది అడిగింది, "ఎప్పుడు చూశావు?"

"మొన్న."

"మొన్నే ఎందుకు చెప్పలేదు?"

"మొన్న నీమీద గెలవాలనిపించింది."

"ఇవాళ?"

"ఇవాళ అనిపించలేదు."

కాసేపు ప్యాకెట్టుని అటూ ఇటూ తిప్పింది. "నాకూ చదవడం రాలేదన్నమాట," అంది మెల్లగా. బల్ల మీద నేను తరిగి పెట్టిన కీరా ముక్క ఒకటి తీసుకుని నోట్లో వేసుకుంది.

ఏప్రిల్ 7, సోమవారం

మూడో బుట్ట రెండువందల అరవై! ఇన్నాళ్ళూ ఆ బరువులో సగం బిస్కెట్లు, చిప్స్ కవర్లేనన్నమాట. ఈ వారం అవి తగ్గగానే బుట్ట తేలిపోయింది. మిరియం నమ్మలేక త్రాసు ముల్లుని గోటితో తట్టింది. ఫ్రిజ్ మీద నన్నే రాయమంది. పెద్ద అక్షరాలతో రాశాను.

ఏప్రిల్ 9

వేయించిన నువ్వులు పొడికొట్టి అన్నంలో కలిపాను. నేను! దాని తల్లికి ఫోన్లో చెబితే, "ఎవరండీ మీరు? మా ఆయన్ని పిలవండి," అంది.

పిన్నికి కవలలు పుట్టారు. ఇద్దరూ ఆడపిల్లలు, ఇద్దరూ క్షేమం.

ఏప్రిల్ 10

నా బెల్టు ఒక రంధ్రం లోపలికి జరిగింది. టీలో పాలు మాత్రం షాపులో ఇంకా వేసుకుంటున్నాను. మిరియానికి చెప్పాను. "అది నీ ఇష్టం నాన్నా, నేనడగలేదుగా," అంది. చెప్పాక ఆ టీ ఎందుకో ఇంకా రుచిగా ఉంది.

ఏప్రిల్ 12, శనివారం

రక్తం మళ్ళీ చూశారు. బి12 మామూలుకొచ్చింది, రక్తం ఇంకొంచెం పెరగాలట, పర్లేదు, పరిగెత్తొచ్చట. డాక్టరమ్మ, "ఏం పెడుతున్నారు?" అంది. మిరియం నాకంటే ముందే మొదలెట్టింది, వేళ్ళు మడుస్తూ, పొద్దున ఇది, మధ్యాహ్నం ఇది, పరుగయ్యాక ఇది. ఒక్కటీ తప్పు పోలేదు. పక్కన కూర్చుని నా వేళ్ళు నేను చూసుకున్నాను. తరిగి తరిగి చూపుడువేలికి కాయ కాసింది.

ఏప్రిల్ 15

ఎనిమిది నిమిషాల పది. పది సెకన్లు ఎక్కువ.

ఏప్రిల్ 17

ఎనిమిది నిమిషాల రెండు. ఇంకా రెండు సెకన్లు ఎక్కువే.

ఏప్రిల్ 21, సోమవారం

శనివారం సెలవు పెట్టాను. కౌంటరమ్మ, "వెళ్ళండి గురువుగారూ, ఒక్కరోజు జనం మసకగా చూస్తే ఏం కాదు," అంది.

మైదానం చుట్టూ కంచె. తల్లిదండ్రులం బయటే. ఇరవైమంది అమ్మాయిల్లో మాది అందరికంటే పొట్టి. మొదటి చుట్టులో వెనక ఉంది. రెండో చుట్టులోనూ వెనకే. కంచె పట్టుకున్న నా వేళ్ళకి తీగ అచ్చులు పడ్డాయి. మూడో చుట్టులో ఒకమ్మాయి ఆగిపోయింది, ఇంకొకమ్మాయి పక్కకి తూలింది. నేను మిరియం మోకాళ్ళనే చూస్తున్నాను. గోడ పట్టుకున్న రోజు వణికిన మోకాళ్ళు అవి. వణకలేదు. నాలుగో చుట్టు మలుపులో ఎక్కడి నుంచి తెచ్చిందో తెలీదు, ఒక్కొక్కళ్ళనీ దాటుకుంటూ వచ్చింది. పళ్ళు బిగించి, చిన్నప్పుడు మొండికేసినప్పటి మొహంతో.

ఏడు నిమిషాల నలభై తొమ్మిది.

గేటు తెరిచారు. మిగతావాళ్ళు వాళ్ళ అమ్మల మీదికి వాలిపోతున్నారు. ఇది చెమటలు కక్కుకుంటూ, రొప్పుకుంటూ వచ్చి, నా చేతిలో డబ్బా లాక్కుంది. మూత తీసి నిలబడే తినడం మొదలెట్టింది. పెద్దపెద్ద ముద్దలు.

నా నోరు అలవాటుగా తెరుచుకుంది. "శనగలు, అన్నం, పాలకూర, మీద నిమ్మ..."

బుగ్గ నిండా అన్నంతో నావైపు చూసింది.

"నేనడిగానా నాన్నా?"

అడగలేదు.

డబ్బా అడుగుదాకా ఊడ్చి, మూత పెట్టి నా చేతికిచ్చింది. పేర్లు పిలుస్తున్నారని మళ్ళీ లోపలికి పరిగెత్తింది.